క్రాస్‌బార్ ఈల, జారుడు: రెంటికీ మందు ఉంది

తమ్ముడూ, రాయగడ నుంచి కోరాపుట్ వెళ్తుంటే వేగం 60 దాటగానే కారు పైన సామాను కట్టుకునే అడ్డ కడ్డీలు, అదే క్రాస్‌బార్లు, ఈల వేస్తున్నాయని, ఘాట్‌లో ముందు బార్ కాస్త జరిగిందని రాశావు. ఈల సంగతి చిన్నదే. బార్‌కి మందంగా, గుండ్రంగా ఉన్న అంచు ముందుకు ఉండాలి. నా బండికీ మొదట తిరగేసే బిగించారు. పైన గాడిలో రబ్బరు పట్టీ లేకపోయినా అదే మోత.

జరగడమే నాకు భయంగా ఉంది. బార్లు విప్పి, అవి కూర్చునే రెయిల్స్‌నీ (కారు పైన రెండు పక్కలా పొడవునా ఉండే పట్టాలు), వాటిని పట్టుకునే క్లాంప్‌ల రబ్బర్లనీ తడిగుడ్డతో తుడిచి బాగా ఆరనివ్వు. మన ఎర్రదుమ్ము పిండిలా పట్టేస్తుంది, వేలితో రాస్తే తెలుస్తుంది. దాని మీద ఎంత బిగించినా పట్టు ఉండదు. తర్వాత అన్ని బోల్టులూ కొంచెం కొంచెంగా, మార్చి మార్చి బిగించు. బార్ల కిట్‌లో చెప్పిన టార్క్, అంటే బిగింపు బలం, దాటకు. 50 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడు.

అన్నిటికన్నా ముందు నీ రెయిల్స్ బరువు మోసేవో, అందానికి అతికించినవో ఖాయం చేసుకో. చాలా బండ్లకి అవి అందానికే. కారు పైన ఎంత బరువు పెట్టొచ్చో (రూఫ్ లోడ్) మాన్యువల్‌లో రాసి ఉంటుంది, బార్ల బరువు కూడా అందులోనే లెక్క. అతికించినవైతే వాటి మీద బియ్యం బస్తా కూడా పెట్టకు, దయచేసి. వెనకాల బైకుల మీద పిల్లలతో వస్తుంటారు.