పై అర్ధతరంగం ముందే తెగడానికి కారణం బేస్ కరెంటు

24 వోల్టుల సప్లై, 8 ఓముల స్పీకరుతో మీరు టిప్31, టిప్32 అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లతో కట్టిన ఆంప్లిఫయరులో పై అర్ధతరంగం మాత్రమే ముందుగా చదునవుతోందని రాశారు. స్పీకరుపై 8 వోల్టుల శిఖరానికి 1 ఆంపియరు కావాలి. టిప్31 గెయిన్ (బేస్ కరెంటును అది ఎన్ని రెట్లు చేస్తుందన్నది) 25 అనుకుంటే దాని బేస్‌కు 40 మిల్లీఆంపియర్లు అవసరం కాగా, సిగ్నల్ లేనప్పుడు 12 వోల్టుల దగ్గర ఉండే అవుట్‌పుట్ 20 వోల్టులకు చేరిన ఆ క్షణంలో, ఆ బేస్‌కు కరెంటునిచ్చే మీ డ్రైవరు ట్రాన్సిస్టరు 1 కిలోఓము కలెక్టరు రెసిస్టరు మీద మిగిలేది సుమారు 3 వోల్టులే, అంటే 3 మిల్లీఆంపియర్లే. కింది సగంలో డ్రైవరు ట్రాన్సిస్టరే కరెంటును లాగుతుంది కనుక అక్కడ ఈ ఇబ్బంది కనిపించదు.

టిప్31 ముందు బీడీ139ను, టిప్32 ముందు బీడీ140ను డార్లింగ్టన్‌గా, అంటే రెండింటి గెయిన్లు గుణించుకునే జంటగా చేర్చండి. పై సగంలోనూ బేస్‌కు కరెంటు తగ్గకుండా, ఆ 1 కిలోఓము రెసిస్టరును రెండు 470 ఓములుగా విడదీసి, వాటి కలయిక నుంచి అవుట్‌పుట్‌కు 100 మైక్రోఫారడ్ల కెపాసిటరును, ప్లస్ కాలు కలయిక వైపు ఉండేలా పెట్టండి. ట్రాన్సిస్టర్లు పెరిగాయి కనుక బయాస్‌కు, అంటే సిగ్నల్ లేనప్పుడూ వాటిలో కొద్దిగా కరెంటు పారేలా ఉంచే వోల్టేజికి, రెండు డయోడ్లు ఇక చాలవు; వాటి బదులు వీబీఈ మల్టిప్లయరు (ఆ వోల్టేజిని సర్దుకోనిచ్చే ట్రాన్సిస్టరు సర్క్యూటు) పెట్టండి. దాని ట్రాన్సిస్టరును తప్పక హీట్‌సింకుకే బిగించి, 0.33 ఓము ఎమిటర్ రెసిస్టరుపై 7 మిల్లీవోల్టులు కనిపించేవరకు మల్టిప్లయరులోని ప్రీసెట్‌ను (తిప్పి సర్దే చిన్న రెసిస్టరును) నెమ్మదిగా తిప్పండి.