తెప్పను పడవ అంటే తప్పా?

సందేహం: మాది విశాఖ పెదజాలరిపేట దగ్గర. మా అబ్బాయి వ్యాసంలో 'తెప్పలో కూర్చుని వేటకు వెళ్లారు' అని రాస్తే, టీచరు తెప్ప కొట్టేసి పడవ అని దిద్దారు. రెండూ ఒకటేనా? కాటమరాన్ అన్నా ఇదేనా?

సమాధానం: ఒకటి కాదండీ. మీవాడు రాసిన తెప్ప సరైన మాటే, టీచరుగారు అనవసరంగా కలం పెట్టారు. నేనైతే 'లో' ఒక్కటి దిద్దేవాణ్ని. పడవకి కడుపుంటుంది, అందులో కూర్చుంటాం. తెప్పకి కడుపు లేదు, దాని మీద కూర్చోవాలి. తేలిక దుంగలు కొన్ని పక్కపక్కన పేర్చి తాళ్లతో బిగిస్తే అదే తెప్ప. కెరటం మీద పడ్డా నీళ్లు ఆ సందుల్లోంచే దిగిపోతాయి, తోడిపోసే పని లేదు, అందుకే రేవు లేని చోట కూడా ఒడ్డు కెరటాలు దాటుకుని పోయేవాళ్లు. తిరిగొచ్చాక కట్లు విప్పి దుంగలు ఆరబెట్టాలి, నీళ్లు పీల్చి బరువెక్కుతాయి కదా. తెల్లారకముందు నేల మీంచి వీచే గాలికి తెరచాప ఎత్తి లోపలికి వెళ్లడం, మధ్యాహ్నం సముద్రపు గాలికి ఒడ్డుకి రావడం. గాలివాటం మనిషి అని మనం తిడతాం గానీ వాళ్లకి గాలివాటం తెలియడమే విద్య!

అన్నట్టు, సింహాచలంలో స్వామికి చేసేదాన్ని తెప్పోత్సవం అంటాం, పడవోత్సవం అనం కదా.

తమిళులు దీన్నే కట్టుమరం అంటారు, అంటే కట్టిన మాను. ఇంగ్లీషువాళ్లు ఆ మాట పట్టుకెళ్లి, చివరికి రెండు పొట్టల బోటుకి తగిలించారు. దాన్ని కాటమరాన్ అనే రాయండి, మన జాలర్లదాన్ని మాత్రం తెప్ప అనండి.

పేపర్లవాళ్లూ అన్నిటినీ పడవలు చేసేస్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ఇంజన్ ఉన్నవాటికే, తెడ్డుతోనో తెరచాపతోనో నడిచే తెప్పకి లేదు. 'పడవలన్నీ ఒడ్డుకే' అని హెడ్డింగ్ పెడితే ఆ తేడా ఎవరికి తెలుస్తుంది?

ఇంతా చెప్పాక ఒక చిక్కుంది. ఫైబర్‌తో చేసి ఇంజన్ బిగించినదాన్ని కూడా మనవాళ్లు ఫైబర్ తెప్ప అనే అంటున్నారు. అందులో దుంగా లేదు, కట్టూ లేదు, పైగా కడుపు కూడా ఉంది. మీవాడు చూసింది అదే అయితే 'తెప్పలో' అన్నదే కరెక్టు, నా దిద్దుబాటు కూడా కొట్టేయండి.