జెఫ్ మారతాడు, కానీ తొందరపడడు

నాలుగు ఎపిసోడ్లు చూశాక అమెరికన్ కామెడీ సీరియల్ 'కమ్యూనిటీ'లో జెఫ్ వింగర్‌ని భరించలేకపోతున్నా, ఆపేయనా అని అడిగారు కదా. ఆపకండి. మొదట్లో నచ్చకూడదనే అతన్ని అలా రాశారు. దొంగ డిగ్రీతో లాయరుగా వెలగబెట్టి, దొరికిపోయి గ్రీన్‌డేల్ అనే కాలేజీకి వచ్చి పడ్డవాడు. అక్కడ అతను పెట్టిన స్టడీ గ్రూపు కూడా తోటి విద్యార్థిని బ్రిట్టాకి దగ్గరవడానికి అల్లిన అబద్ధమే! పరీక్ష జవాబులు కొట్టేద్దామనుకుంటే చేతికొచ్చినవి తెల్లకాగితాలు.

మార్పు కోసం అతని ఉపన్యాసాల్లో వెతకొద్దు, వాటిలో సగం నోటి గారడీ. ఏం వదులుకుంటున్నాడో చూడండి. మూడో సీజన్ చివర్లో గ్రూపులోని షర్లీ తరఫున వాదిస్తుంటే, కేసు వదిలెయ్యకపోతే పాత ఉద్యోగం మీద ఆశ వదులుకోమని పాత ఆఫీసువాడు బెదిరిస్తాడు. పర్లేదు, ఓడిపో అని షర్లీయే అంటుంది. అయినా వినడు. నాకు అక్కడ గొంతు పట్టేసింది.

నాలుగో సీజన్ కాస్త చప్పగా ఉంటుంది (సీరియల్ సృష్టికర్త డాన్ హార్మన్ లేడు మరి), ఓపిక పట్టండి. 2015లో వచ్చిన ఆఖరి ఎపిసోడ్‌లో గ్రూపు స్నేహితులు ఆనీ, అబెద్‌లని ఎయిర్‌పోర్టులో దిగబెట్టేది ఇతనే. ఆ కౌగిలింత చూశాక మొదటి ఎపిసోడ్ మళ్లీ పెట్టుకోండి.