మామిడి తోటలో కాటేజీలు కట్టాలా? ఉద్దానం నుంచి నా జవాబు

ప్రశ్న అడిగినవారికి శృంగవరపుకోట దగ్గర ఐదెకరాల మామిడి తోట ఉంది. కాపు ఒక ఏడాది ఉంటే మరుసటి ఏడాది ఉండడం లేదని, అరకు వెళ్ళే కార్లన్నీ తమ ఊరి మీదుగానే పోతున్నాయని, బ్యాంకు అప్పు తీసుకుని తోటలో నాలుగు కాటేజీలు కడితే వ్యవసాయ పర్యాటకం గిట్టుబాటు అవుతుందా అని వారు అడిగారు. మాది శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతం, కవిటి మండలం. కొబ్బరి, జీడి, వాటి మధ్య పనస చెట్లు ఉన్న తోట మాది. కొన్నేళ్ళుగా అత్తగారూ నేనూ కలిసి తోటకు మనుషులను పిలిచి, తోట చూపించి, భోజనం పెట్టి పంపుతున్నాము. ఆ అనుభవంతో చెబుతున్నాను. గిట్టుబాటు అవుతుంది, అయితే అది కాటేజీల వల్ల కాదు. దయచేసి అప్పు చేయకండి.

మాకు ఈ ఆలోచన సరదాకు పుట్టలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి, జీడి చెట్లు కొమ్మలు విరిగి మోళ్ళయి నిలబడ్డాయి. జీడి అంటు మూడు నాలుగేళ్ళకు కాపు చూపిస్తుంది గాని, నాటు కొబ్బరి మొక్క గెల వేయడానికి ఆరేడేళ్ళు పడుతుంది. ఆ మధ్య కాలంలో ఇల్లు గడవడానికి మా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఎంతోమంది హైదరాబాదుకూ ముంబైకీ వలస వెళ్ళారు. మా ఇంట్లో ఉండిపోయిన ఆడవాళ్ళ చేతిలో మిగిలినవి కొద్దిపాటి నీడ, మంచి వంట, జీడి పని తెలిసిన చేతులు. ఆ మూడింటితోనే మొదలుపెట్టాము.

నిజానికి మన ఉత్తరాంధ్రలో తోటకు మనుషులు రావడం కొత్త విషయం కాదు. కార్తీక మాసం వచ్చిందంటే వనభోజనాలకు తోట ఇమ్మని అడిగేవారు ఎప్పుడూ ఉన్నారు. మా తోటలో ఉసిరి చెట్టు ఉండడం వల్ల ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు కబురు పెట్టేవారు. నీడ, నీళ్ళు, కట్టెలు, పొయ్యి తవ్వి పెట్టడం, చివరికి వాళ్ళు వెళ్ళాక విస్తళ్ళు ఏరడం కూడా మా వంతే. డబ్బు అడగడం మర్యాద కాదనుకునేవాళ్ళం. తుఫాను తర్వాత ఒక కార్యాలయం వాళ్ళు విశాఖపట్నం నుంచి తోట అడిగినప్పుడు, వంట మేమే చేస్తామనీ తలకు ఇంత అవుతుందనీ చెప్పాము. వాళ్ళు మారు మాట లేకుండా ఒప్పుకున్నారు. ఇన్నాళ్ళూ మన రైతులు ఉచితంగా ఇచ్చింది ఎంత విలువైనదో నాకు ఆ రోజు తెలిసింది.

అయినా కార్తీకం వాళ్ళు తిని, ఆడి, వెళ్ళిపోతారు. అసలు లాభం ఎక్కడుందో తెలిసింది మాత్రం జీడి రోజుల్లో, ఒక ఫిబ్రవరి ఆఖరున. విశాఖ నుంచి రిటైరైన ఒక బ్యాంకు అధికారి, ఆయన భార్య, కొడుకు, కోడలు, చిన్న మనవడు వచ్చారు. కారు డిక్కీ తెరవగానే మొదట దిగింది ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను. పెద్దాయన సంకోచిస్తూనే, "ఏమీ అనుకోకండమ్మా, ఇక్కడి నీళ్ళు తాగవచ్చా?" అని నన్ను అడిగారు. నేను నోరు తెరవకముందే అత్తగారు, "మా మనవలూ ఇయ్యే తాగుతున్నారు బాబూ. మీకు బయ్యమేస్తే కొబ్బరి బోండం కొట్టిస్తాను" అన్నారు. ఉద్దానం పేరు వినగానే బయటివాళ్ళకు మా తోటలకన్నా ముందు కిడ్నీ జబ్బు గుర్తుకు రావడం మా గుండెల్లో ఉన్న బాధ. ఆ జబ్బుకు కచ్చితమైన కారణం ఇప్పటికీ తేలలేదు. నీటి మీద అనుమానం ఉండడం వల్లనే హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీటిని తెచ్చే 700 కోట్ల రూపాయల పథకాన్ని, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రిని 2023 డిసెంబరులో ప్రారంభించారు. అతిథులు అడిగితే ఉన్నది ఉన్నట్టు చెబుతాను. క్యాను తెచ్చుకున్నవారిని తప్పు పట్టను.

ఆ పొద్దు అత్తగారు తోటలో చాప వేసుకుని లేత జీడి పిక్కలు కోస్తున్నారు. పెంకు గట్టిపడక ముందు పిక్కను నిలువునా రెండుగా కోసి, పుల్లతో పప్పును తీయాలి. ఆ పచ్చి పప్పు కూర రుచి తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు. కాని ఆ పెంకులో ఉండే జిడ్డు చర్మానికి తగిలితే కాలి పొక్కుతుంది. కోడలుగారు ముచ్చటపడి పిక్క అందుకోబోతే అత్తగారు చెయ్యి పట్టుకుని ఆపి, "నూని రాసుకోకుండా ముట్టుకుంటే తోలూడిపోద్దమ్మా" అంటూ కొబ్బరి నూనె తీసి ఆ అమ్మాయి రెండు అరచేతులకూ, వేళ్ళ సందులకూ పట్టించి, పైన పొయ్యి బూడిద అద్దారు. తన చేతులు చూపించారు. బొటనవేలి పక్కన చర్మం ఏళ్ళ తరబడి కాలి, నల్లబడి, తోలు ముక్కలా గట్టిపడి ఉంది. ఆ అమ్మాయి చాలాసేపు కష్టపడి గుప్పెడు పప్పు కూడా తీయలేకపోయింది. ఆ లోపల అత్తగారి పక్కన పళ్ళెం నిండింది. పిల్లవాణ్ణి మాత్రం పిక్కల దగ్గరకు రానివ్వకుండా, రాలిన జీడిపండ్లు ఏరే పనికి పంపాము.

భోజనాల దగ్గర పెద్దాయన పిక్కల ధర అడిగారు. మా దగ్గర పిక్కలు 80 కిలోల బస్తా లెక్కన కొంటారనీ, బస్తాకు 16 వేలు ఇప్పించమని రైతులు రోడ్డెక్కవలసి వచ్చిందనీ, అది కూడా ఎండిన పిక్కకు కిలో 200 రూపాయలేననీ చెప్పాను. కొనేవాడు తేమ ఉందని కొంత, పుచ్చు ఉందని కొంత తరుగు తీస్తాడని, కాటా దగ్గర మేము నోరెత్తలేమని కూడా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మధ్యాహ్నం మా కుండలోని మజ్జిగ అడిగి మరీ తాగారు. వెళ్ళేటప్పుడు ఆ కోడలు పచ్చి పప్పు, ఎండు పప్పు, రెండు పనసకాయలు, కొబ్బరి నూనె కొన్నది. మేము చెప్పిన ధరకు ఒక్క రూపాయి బేరమాడలేదు. ఆ కుటుంబం మళ్ళీ మా తోటకు రాలేదు గాని, ప్రతి వేసవిలో వాళ్ళ అపార్ట్‌మెంటులోని మరికొన్ని ఇళ్ళకు కలిపి పప్పు పంపమని ఫోన్ చేస్తున్నారు.

ఈ వ్యాపారంలో ఉన్నదంతా ఇదేనని నా గట్టి నమ్మకం. తోటకు వచ్చిన మనిషి ఒక పూటకు ఇచ్చే డబ్బు చిన్నది. ఆ పూట చూసిన పని వల్ల అతను తర్వాతి ఏళ్ళలో మీ పంటను మీ ధరకు కొంటాడు, అది పెద్దది. మాకు భోజనాల మీద ఖర్చులు పోను మిగిలేది పంట ఆదాయంలో నాలుగో వంతుకు కూడా రాదు. కాని ఫోన్ల మీద నేరుగా అమ్మే పప్పుకూ నూనెకూ దళారి లేడు, తరుగు లేదు. పైగా ఆ డబ్బు కోతకూ కోతకూ మధ్య, పిల్లల ఫీజులు కట్టవలసిన నెలల్లో చేతికి వస్తుంది. పట్నం మనిషికి జీడిపప్పు ఎందుకు ఖరీదో ఉపన్యాసం చెప్పి ఒప్పించలేము. నూనె రాసిన చేతులతో నాలుగు పిక్కలు కోయిస్తే చాలు.

ఇంత తేలికైన విషయాన్ని మన దగ్గర శిక్షణ తరగతుల్లో ఎవరూ చెప్పరు. నేను వెళ్ళిన ఒక శిక్షణలో రోజంతా కాటేజీల నమూనాలు, ఈత కొలను, పచ్చిక బయలు, ఎద్దుల బండి మీద ఫొటో దిగే చోటు, రుణం దరఖాస్తు చూపించారు. పంట ఊసు లేదు, వంట చేసేవాళ్ళ కూలి ఊసు లేదు. ఇప్పుడు భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి, అరకు రోడ్డు పేరు చెప్పి సెంట్ల లెక్కన ముక్కలు చేసి అమ్ముతున్న ఫామ్ ప్లాట్లలో కూడా ఇదే బొమ్మ. నాలుగు చందనం మొక్కలు, ఒక గది, చుట్టూ కంచె. అక్కడ పండించే మనిషి లేడు, అందువల్ల చూడడానికీ ఏమీ లేదు. ఇటలీ వాళ్ళు ఈ ప్రమాదాన్ని ముందే కనిపెట్టి 1985లోనే వ్యవసాయ పర్యాటకానికి చట్టం చేశారు. 2006లో దాన్ని తిరగరాసినప్పుడు కూడా సాగే ప్రధానంగా ఉండాలనీ, అతిథులకు బస, భోజనం ఇవ్వడం దానికి అనుబంధంగానే సాగాలనీ షరతు ఉంచారు. మన దేశంలో 2005 నాటికే పాండురంగ్ తావరే మహారాష్ట్రలోని బారామతి ప్రాంతంలో రైతులతో ఈ పని మొదలుపెట్టారు. అక్కడి ప్రభుత్వం 2020లో దీనికంటూ ఒక విధానం తెచ్చింది. మన ప్రభుత్వం కూడా ఆ షరతును అలాగే తీసుకోవాలి. పంట లేని చోటుకు వ్యవసాయ పర్యాటకం పేరు మీద రాయితీ ఇవ్వకూడదు.

మా తీరంలో గదులు కట్టడానికి నేను ఒప్పుకోకపోవడానికి మరో కారణం కూడా ఉంది. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరులోనే వచ్చాయి. కార్తీకం రద్దీకి ముందు పైకప్పులు ఎగిరిపోతే అప్పు మిగులుతుంది. చెట్టు పడితే మళ్ళీ నాటుకుంటాము, బ్యాంకు వాయిదా అలా ఆగదు. రాత్రి బస లేకపోతే మనుషులు రారనే మాట కూడా నేను నమ్మను. వానాకాలంలో ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి కొంగలను, చలికాలంలో టెక్కలి దగ్గర తేలినీలాపురం పక్షులను, బారువ తీరాన్ని చూడడానికి వచ్చేవాళ్ళకు మంచి భోజనం దొరికే చోటు లేదు. ఒడిశాలోని బరంపురం నుంచి కూడా మా దగ్గరకు వస్తారు. వాళ్ళకు కావలసింది ఒక పగటి పూట, చోడి అంబలి, పనసపొట్టు కూర, కొబ్బరి చెట్టు కింద నులక మంచం.

రాత్రి బస పెట్టినచోట మందు సీసాలూ సౌండు బాక్సులూ వస్తాయి. మా తోటలో రెండింటికీ చోటు లేదని ఫోన్లోనే చెబుతాము, దానివల్ల కొందరు రాకుండా పోతారు, పోనీయండి. ప్లాస్టిక్ పళ్ళేలు తెచ్చినవాళ్ళకు వాటిని కారులోనే ఉంచమని చెప్పి, అడ్డాకు విస్తళ్ళు ఇస్తాము. ఆవు ఆ ప్లాస్టిక్ తింటే నష్టం ఎవరిదో వాళ్ళకు ఒకసారి చెబితే అర్థమవుతుంది.

ఇక మీ తోట సంగతి. మీరు పూత మీదే తోటను గుత్తకు ఇచ్చేస్తున్నట్లయితే ముందు ఆ పద్ధతి కొంత మార్చుకోవాలి, ఎందుకంటే గుత్తకు ఇచ్చిన తోటలో కాయ మీది కాదు, వచ్చిన అతిథి చేత ఒక్క కాయ కోయించే హక్కు మీకు ఉండదు. పది మీటర్ల ఎడంతో నాటిన పాత తోటలో ఎకరానికి 40 చెట్లు ఉంటాయి. అందులో అరెకరం, అంటే ఇరవై చెట్లు, సువర్ణరేఖా బంగినపల్లీ కలిసి ఉండేలా చూసి మీ కోసం ఉంచుకోండి. వాటి కాయలను గడ్డిలో మాగబెట్టండి. కార్బైడుతో పండ్లు మాగబెట్టడాన్ని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు నిషేధించినా బజారు పండును జనం నమ్మడం లేదు. గడ్డి ఎత్తి, కింద పసుపు తిరిగిన కాయను వాళ్ళ చేతికే ఇవ్వండి. అరకు నుంచి తిరిగి వచ్చే కుటుంబం మీ తోట దగ్గర రెండు గంటలు ఆగి, రెండు పెట్టెలు కొనుక్కుని వెళ్ళడానికి కాటేజీ అక్కరలేదు.

కట్టవలసింది ఒక్కటే, శుభ్రమైన మరుగుదొడ్డి, దాని పక్కన సబ్బుతో చేతులు కడుక్కునే కుళాయి. ఆడవాళ్ళు ఒక తోటకు రెండోసారి రావడం దీని మీదే ఆధారపడి ఉంటుంది. బావికి జాలీ వేయించండి, పిల్లలు తిరిగే దారిలో పొదలు కొట్టించండి. వండిపెట్టి డబ్బు తీసుకుంటారు గనుక ఆహార భద్రతా సంస్థ దగ్గర పేరు నమోదు చేయించుకోండి. పంట మీద వచ్చే ఆదాయానికి పన్ను మినహాయింపు ఉంది గాని భోజనాల మీద, గదుల అద్దె మీద వచ్చేదానికి లేదు కాబట్టి రెంటికీ వేరువేరు లెక్కలు రాయండి. వ్యవసాయ మోటారుకు ఇచ్చిన కరెంటుతో గదులకు దీపాలు వెలిగించకూడదు, సాగు భూమిలో పక్కా గదులు కడితే భూ వినియోగం ప్రశ్న కూడా వస్తుంది. కాటేజీలు కట్టమని చెప్పేవాళ్ళు ఈ రెండు ఖర్చులనూ లెక్కలో చూపించరు.

వంటకూ తోట చూపించడానికీ మీ ఊరి ఆడవాళ్ళనే పెట్టుకోండి, పొలం కూలి కన్నా ఎక్కువ ఇవ్వండి. వచ్చిన ప్రతి ఇంటి ఫోన్ నంబరూ, వాళ్ళు ఏ పండు ఎంత కొన్నారో ఒక పుస్తకంలో రాసుకోండి. మరుగుదొడ్డి పని మార్చి ఆఖరుకు పూర్తయితే ఏప్రిల్‌లో సువర్ణరేఖ కోతకు మొదటి కుటుంబాన్ని పిలవవచ్చు. మొదట మీకు తెలిసినవారి బంధువులనే పిలవండి, డబ్బు మాత్రం తీసుకోండి.