చిన్న వంటింట్లోకి మారేటప్పుడు నేను ఏ సామాను ఉంచుకున్నానంటే

కొత్త ఇంట్లో వంటగది ఇప్పటి దాంట్లో సగమే ఉందని, ఏ సామాను ఉంచుకోవాలో, ఏది అటకెక్కించాలో తేలడం లేదని అడిగారు. రెండేళ్ల కిందట నేనూ ఇదే టెన్షన్ పడ్డాను. నాకు పనికొచ్చిన పద్ధతి చెబుతాను.

మొదటిరోజు ఒక్కో వస్తువూ చేతిలోకి తీసుకుని "ఇది పనికొస్తుందా?" అని చూసుకుంటూ కూర్చున్నాను. అలా చూస్తే పనికిరానిదంటూ ఏదీ ఉండదండీ. సాయంత్రానికి పక్కకు పెట్టినవి రెండు సొట్టపోయిన మూతలు, అంతే. మర్నాడు రోజూ వాడేవి నాలుగు మాత్రం బయట ఉంచి, మిగతావన్నీ అట్టపెట్టెల్లో సర్దేశాను. ఏదైనా అవసరమైతే పెట్టెలోంచి తీసి వాడటం, కడిగాక అలమరలో పెట్టుకోవడం. నెల తిరిగేసరికి సగానికి పైగా పెట్టెల్లోంచి కదలనే లేదు.

నాకు ఎంతో ఇష్టమైన కరెంటు చాపర్‌ను ఆ నెలలో ఒక్కసారే తీశాను. కూరగాయలు తరగడానికి నిమిషం పట్టలేదు. ఆ తర్వాత బ్లేడు ఊడదీసి, మూత అంచున ఉన్న రబ్బరు రింగు తీసి, ఆ గాడిలో ఇరుక్కున్న తుక్కును పాత టూత్‌బ్రష్‌తో గీకి, ఆరబెట్టి, మళ్లీ బిగించేసరికి పావుగంట. అదే పని కత్తితో చేస్తే కడగడంతో కలిపి ఏడెనిమిది నిమిషాలు. అప్పటినుంచి ఏ వస్తువునైనా కడిగే టైముతో కలిపే లెక్కేస్తున్నాను. చాపర్‌ను మా అక్కకు ఇచ్చేశాను. వాళ్లింట్లో పదిమందికి వండాలి, అక్కడ దానికి రోజూ పనే.

కత్తుల సంగతి కాస్త గట్టిగా చెప్పాలి. మా ఇంట్లో ఏడు ఉండేవి, ఒక్కటీ సరిగా తెగేది కాదు. తెగడం లేదని ఇంకోటి, అదీ మొండిబారాక మరోటి, అలా ఏడయ్యాయి. మొండి కత్తిని ఎక్కువ బలంతో నొక్కాలి, అందుకే జారి చేయి తెగుతుంది. ఒక పెద్దది, ఒక చిన్నది, ఒక సానరాయి ఉంచుకున్నాను. ఇప్పటికీ నాకు ఇంకో కత్తి అవసరం పడలేదు. కాకపోతే వాటిని సొరుగులో గరిటెల మధ్య పడేయకండి, ఒకదానికొకటి తగిలి పదును పోతుంది.

నాన్‌స్టిక్ పెనాల్లో పూత లేచినవి మొహమాటం లేకుండా తీసేయండి. బాగున్నది ఒక్కటి చాలు. ఖాళీ పెనం పెద్దమంట మీద వదిలేస్తే వేడి 260 డిగ్రీల సెల్సియస్ దాటి పూత పాడవడం మొదలవుతుంది కాబట్టి పెద్దమంట వంటలకు ఇనప మూకుడే ఉంచుకున్నాను.

ముఖ్యమైనది ఇంకోటి. కొత్త ఇంట్లో ఇండక్షన్ స్టవ్ ఉంటే, ప్యాకింగ్‌కి ముందే అయస్కాంతం తీసుకుని ప్రతి గిన్నె అడుగునా పెట్టి చూడండి. గట్టిగా అంటుకుంటేనే అది పనిచేస్తుంది. ఉత్త అల్యూమినియం, రాగి గిన్నెలకు అంటుకోదు. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్న స్టీలుకూ చాలావరకు అంటుకోదు, కానీ అడుగున అయస్కాంతం అంటుకునే లోహం పొర వేసినవి పనిచేస్తాయి. నేనిది చూసుకోకుండా మూడు మంచి గిన్నెలు మోసుకెళ్లి, అక్కడ వాడలేక బాధపడ్డాను.

ఏడాదికి ఒకటి రెండుసార్లే వాడినా, ఇంకే గిన్నెతోనూ ఆ పని జరగదనుకున్నవి మాత్రం ఇచ్చేయకండి. నా పెద్ద గుండిగ అలాంటిదే. అలాంటివే అటకెక్కాలి. ఎక్కించేముందు తడి పూర్తిగా ఆరాలి. ఇనప సామాను సన్న మంట మీద కాసేపు ఆరబెట్టి, పల్చగా నూనె రాయండి, లేకపోతే తుప్పు పడుతుంది. కుక్కర్ మూత బిగించకుండా బోర్లించి, గాస్కెట్ విడిగా పెట్టండి. మిక్సీ జార్‌కు మూత పెట్టేస్తే లోపల వాసన పట్టేస్తుంది. వంటింటి త్రాసులో సెల్స్ తీసేయండి, అవి కారి నాది పాడైంది. పెట్టెలో ఏమేం ఉన్నాయో, ఏ తేదీన పెట్టారో బయటకు కనబడేలా రాయండి. ఏడాది తర్వాత ఆ తేదీ చూసే నేను ఇంకో పెట్టెడు సామాను ఇచ్చేశాను.