సెలవు చీటీకి ఇన్‌వార్డు నంబరు పడాలి

ప్రశ్న: మండల ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌ని. మా పాపకు ఆస్తమా. వచ్చే నెల పదో తరగతి పరీక్షలు. పది రోజులు చైల్డ్ కేర్ లీవ్ అడిగితే సారు కాగితం తిరిగి నా చేతిలో పెట్టారు. ‘కావాలంటే ఈఎల్ (ఎర్న్‌డ్ లీవ్, సర్వీసుతో జమయ్యే సెలవు) రాసియ్యి, లేకుంటే డిప్యుటేషన్ మీద దూరం పంపుత’ అన్నారు. ఒకటే టెన్షన్. ఏం చేయాలి?
– ఒక సోదరి, నర్సంపేట

జవాబు: అమ్మా, ఆ కాగితం మీ హ్యాండ్‌బ్యాగులో ఉన్నన్ని రోజులు మీరు సెలవు అడగనట్టే లెక్క. రేపే రెండు కాపీలు తీసి, ఒకటి ఇన్‌వార్డులో, అంటే ఆఫీసుకొచ్చే కాగితాలు నమోదు చేసే సీటులో ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, నంబరు, తేదీ వేయించుకోండి.

హన్మకొండలో చాలా ఏళ్లు ఎస్టాబ్లిష్‌మెంట్ సీటు (ఉద్యోగుల సెలవులు, జీతాల పని) చూశాను. ఒక ఉద్యోగిని టైఫాయిడ్‌తో పన్నెండు రోజులు మంచం పట్టింది. భర్తతో పంపిన చీటీ ఆఫీసరు టేబుల్ అద్దం కిందే ఉండిపోయింది. ఆమె వచ్చి చూస్తే హాజరు పట్టీలో పన్నెండు గళ్లూ ఎర్రసిరా. ఆ జీతం బిల్లు చేసింది నేనే. చీటీ కళ్లెదుట ఉన్నా నంబరు లేదని కోత వేయాల్సి వచ్చింది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

ఇక రూల్ సంగతి. 2016 నవంబరులో వచ్చిన తెలంగాణ జీవో 209 ప్రకారం చైల్డ్ కేర్ లీవ్‌ను 18 ఏళ్లలోపు ఇద్దరు పిల్లల కోసం సర్వీసు మొత్తంలో 90 రోజులు, ఒక్కోసారి 15 రోజులకు మించకుండా వాడుకోవచ్చు. పిల్లల పరీక్షలకూ, జబ్బులకూ వర్తిస్తుంది. ఇది మీ లీవ్ ఖాతాలో తగ్గదు. ఈఎల్ అయితే తగ్గుతుంది. రిటైరయ్యేటప్పుడు 300 రోజుల దాకా డబ్బుగా మారేది ఆ ఈఎల్లే, ఎందుకు పోగొట్టుకుంటారు?

ఒక మాట దాచను. ప్రభుత్వ ఉద్యోగుల సర్వీసు నిబంధనల్లోని ఫండమెంటల్ రూల్ 67 ప్రకారం సెలవు హక్కుగా అడిగేది కాదు, పని ఒత్తిడి ఉంటే ఆఫీసరు కాదనొచ్చు. కానీ మీరు అడిగిన సెలవును తన ఇష్టంతో ఇంకో రకంగా మార్చే అధికారం ఆయనకు లేదు. అందుకే మీ చేత రాయించుకోవాలని చూస్తున్నారు. ఈఎల్ చీటీ మీద గానీ, ‘స్వచ్ఛందంగా విరమించుకుంటున్నాను’ అనే కాగితం మీద గానీ సంతకం చేయకండి. కాదంటే కారణం రాసిమ్మని అడగండి.

డిప్యుటేషన్ మాట ఏ రోజు, ఎవరి ముందు అన్నారో ఇవాళే రాసిపెట్టుకోండి. వారంలో జవాబు రాకుంటే పై అధికారికి అర్జీ పెట్టండి. మండల ఆఫీసులో ఐదు రూపాయల ఫీజుతో ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) కింద మీ దరఖాస్తు ఏమైందో అడగొచ్చు, అయితే దానికి 30 రోజుల గడువుంటుంది. పరీక్షలు అంతకాలం ఆగవు కదా, కాబట్టి అర్జీయే ముందు. పరీక్షల టైంటేబుల్, డాక్టరు చీటీ జిరాక్సులు మాత్రం మొదటి దరఖాస్తుకే జతచేయండి.