టగ్గు భగ్నమైందా, మునిగిందా?

సందేహం: అమెరికాలో సుపీరియర్ సరస్సులో మునిగిన థామస్ ఫ్రయంట్ అనే టగ్గు (పెద్ద ఓడల్ని లాగే చిన్న ఓడ) గురించి రాస్తూ "చిన్న చెక్క ఆవిరి టగ్ నౌకాభగ్నం" అని హెడ్డింగ్ పెట్టాను. ఫ్రెండేమో తప్పంటున్నాడు. ఏది రైటు?

సమాధానం: మీ ఫ్రెండే రైటండీ. భగ్నం అంటే విరిగినది, విరగడం అనే పని చెప్పాలంటే భంగం కావాలి, నిద్రాభంగం తపోభంగం అంటాం గానీ నిద్రాభగ్నం అని ఎవరూ అనరు కదా, అదే లెక్కన ఇది నౌకాభంగం అవ్వాలి. అడుగున పడున్న ఓడ గురించైతే భగ్ననౌక, భగ్నహృదయం టైపులో.

కానీ అసలక్కడ విరిగిందేముంది? 1884లో మిషిగన్‌లోని గ్రాండ్ హేవెన్‌లో కట్టిన టగ్గు అది, 1924 జనవరిలో మిన్నెసోటా వైపు టూ హార్బర్స్ దగ్గర్లో ఐసుగడ్డలు దాని చెక్కని కోసేస్తే నీళ్లెక్కి మునిగిపోయింది, మనుషులు మాత్రం బయటపడ్డారు. అంచేత భంగం కూడా ఇక్కడ అంతగా అతకదు. ఇంకోటి, మన పేపర్లలాగా "బోల్తా" అని మాత్రం రాయకండి, బోల్తా అంటే తిరగబడ్డం. "ఓడ మునక" అని కొందరు రాస్తారు, నాకైతే అది పుష్కరాల్లో మూడు మునకలేసినట్టే వినపడుద్ది. ముంపు అందామంటే అది ఊళ్లకీ పొలాలకీ వాడే మాట. ఇన్ని తిప్పలెందుకు, నామవాచకం వదిలేసి "మునిగింది" అని క్రియ పెట్టేయండి, తెలుగు వాక్యానికి అదే హాయి. ములిగింది అన్నా తప్పేం కాదు, మా వైపు అలాగే అంటారు.

"చెక్క ఆవిరి టగ్" దగ్గర కూడా చిక్కే, చదివేవాడికి చెక్క కాల్చి తీసిన ఆవిరేమో అనిపిస్తుంది. పోనీ "కలప టగ్గు" అంటే కలప దుంగలు లాగేదేమో అనుకుంటారు. ఆవిరితో నడిచే చిన్న చెక్క టగ్గు అనండి. టగ్గుకి కొత్త పదం పుట్టించక్కర్లేదు, వైజాగ్ పోర్టులో ఓడల్ని లాక్కొచ్చేవాళ్లు టగ్గు, టగ్గులు అనే అంటారు. మీ వ్యాసం లోపల "మంచు కోసింది" అని ఉంటే దాన్నీ మార్చండి, మంచు అంటే మనవాళ్లకి ముందు తెల్లారి కురిసేదే గుర్తొస్తుంది, చెక్కని కోసేది మంచుగడ్డ.

హెడ్డింగ్ ఇలా పెట్టుకోండి: "ఐసుగడ్డ కోసింది, టగ్గు మునిగింది".